గ్లిసరాల్, ట్వీన్, మెథనాల్: నీళ్లలా రాని ద్రవాలను పిపెట్‌తో కచ్చితంగా తీసేదెలా?

బఫర్ బెంచ్:
అందరికీ నమస్కారం. హైదరాబాద్‌లో ఒక బయోటెక్ ల్యాబ్‌లో పనిచేస్తున్నాను. మా పిపెట్లన్నీ ఈమధ్యే కాలిబ్రేషన్ అయి వచ్చాయి, సర్టిఫికెట్లు బాగున్నాయి. నీళ్లతో బరువు చూస్తే లెక్క సరిగ్గా సరిపోతోంది. కానీ మూడు చోట్ల ఒక షిఫ్టుకీ ఇంకో షిఫ్టుకీ పొంతన కుదరడం లేదు.

1. ఎలైజా (యాంటీబాడీలతో చేసే పరీక్ష) వాష్ బఫర్‌లో వేసే ట్వీన్ 20 అనే డిటర్జెంట్. టిప్ గోడకి పట్టుకుని దిగిరాదు.
2. గ్లిసరాల్ స్టాకులు. ఒకరు చేసినవి, ఇంకొకరు చేసినవి ఒకేలా ఉండవు.
3. ఎల్‌సీ-ఎంఎస్ (ద్రావణంలోని పదార్థాలను విడదీసి కొలిచే యంత్రం) స్టాండర్డ్ల కోసం మెథనాల్, అసిటోనైట్రైల్. టిప్ ఇంకా వయల్ దగ్గరికి చేరకముందే బొట్లు కారిపోతాయి.

పిపెట్ మంచిదే, పట్టుకునేవాళ్లూ అనుభవం ఉన్నవాళ్లే. మరి తేడా ఎక్కడ వస్తోంది? కొత్తగా చేరినవాళ్లకి నేర్పేందుకు ఒక పద్ధతి రాసిపెట్టాలనుకుంటున్నాను. మీ ల్యాబుల్లో ఏం చేస్తున్నారో చెప్పండి.

విశాఖ ఎనలిటికల్:
మూడో దానికి నేను చెప్తానండీ, ఇక్కడ ఫార్మా క్యూసీలో రోజూ దానితోనే పని.

మనం వాడే మామూలు మైక్రోపిపెట్‌లో పిస్టన్‌కీ ద్రవానికీ మధ్య కొంచెం గాలి ఉంటుంది. పిస్టన్ ఆ గాలిని కదిలిస్తుంది, గాలి ద్రవాన్ని లాగుతుంది. అంటే మనం సెట్ చేసే అంకె నిజానికి గాలి కొలత. మెథనాల్ లోపలికి రాగానే దాని ఆవిరి ఆ గాలిలో కలుస్తుంది, లోపల పీడనం పెరుగుతుంది, ఆ పీడనమే ద్రవాన్ని కిందికి తోస్తుంది. మీరు చూస్తున్న బొట్టు అదే. టిప్ వదులుగా ఉందేమో అని గట్టిగా నొక్కితే ఆగేది కాదు.

20 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి పీడనం 2.3 కిలోపాస్కల్స్. అసిటోనైట్రైల్‌ది సుమారు 10, మెథనాల్‌ది 13, అసిటోన్‌ది 24 పైమాటే. డైక్లోరోమీథేన్‌కైతే 47 దాకా పోతుంది. ఏది ఎంత అల్లరి చేస్తుందో ఈ అంకెల వరసే చెప్తుంది.

చేయాల్సింది: అదే టిప్‌తో, అదే వాల్యూమ్‌లో, అదే ద్రవాన్ని ఐదారుసార్లు లాగి వదలండి. లోపలి గాలి ఆవిరితో నిండిపోతుంది. ఆ తర్వాత లాగితే కొత్తగా చేరే ఆవిరి దాదాపు ఉండదు. తీసుకున్నాక ఆలస్యం చేయకుండా వయల్‌లో వదిలేయాలి. అసిటోన్‌కి ఇంకొన్నిసార్లు ఎక్కువ తడపాలి. టిప్ చివర బొట్టు వేలాడకుండా నిలిచిందంటే సరిపోయినట్టు.

బఫర్ బెంచ్:
ధన్యవాదాలు సార్. మా దగ్గర టిప్ తడపడం ఉంది గానీ ఒక్కసారే చేస్తారు. ఇంకో సందేహం. 100 మైక్రోలీటర్ల మెథనాల్‌ని కొందరు 1000 పిపెట్‌తో తీస్తున్నారు, ఆ టిప్ పొడవుగా ఉండి సీసాలోకి అందుతుందని. దానివల్ల కూడా తేడా వస్తుందా?

కాలిబ్రేషన్ బెంచ్:
చాలా తేడా వస్తుంది. పెద్ద పిపెట్‌లో ద్రవం పైన గాలి ఎక్కువ. ఆవిరి కలవడానికి ఖాళీ ఎక్కువ, బొట్టు కారడమూ ఎక్కువ.

ఇంకో సంగతి. పిపెట్ల అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 8655 ప్రకారం 1000 మైక్రోలీటర్ల పిపెట్‌కి అనుమతించిన క్రమ దోషం (ప్రతిసారీ ఒకే వైపు వచ్చే తేడా) 8 మైక్రోలీటర్లు. పూర్తి వాల్యూమ్ దగ్గర అది 0.8 శాతమే. అదే 8 మైక్రోలీటర్లు 100 దగ్గర వస్తే 8 శాతం. 100 తీయడానికి 100 పిపెట్టో, 200 పిపెట్టో వాడండి. సీసా లోతుగా ఉంటే ముందు చిన్న వయల్‌లోకి ఒంపుకోండి. స్టాక్ సీసాలో నేరుగా టిప్ ముంచడం ఎలాగూ మంచి అలవాటు కాదు.

ఇక మీ సర్టిఫికెట్ సంగతి. కాలిబ్రేషన్ చేసేది నీళ్లతో. పూర్తి వాల్యూమ్, సగం, పదో వంతు దగ్గర పదేసిసార్లు తూచి, ఉష్ణోగ్రతనీ గాలి పీడనాన్నీ బట్టి బరువును వాల్యూమ్‌లోకి మారుస్తాం. 20 డిగ్రీల దగ్గర ఒక మిల్లీగ్రాము నీరు 1.0029 మైక్రోలీటర్లు, 25 దగ్గర 1.0040. ఆ కాగితం "ఈ పిపెట్ నీటిని సరిగ్గా ఇస్తుంది" అని మాత్రమే హామీ ఇస్తుంది. గ్లిసరాల్ గురించి అందులో ఒక్క ముక్క ఉండదు. కాబట్టి సర్టిఫికెట్ బాగుండటానికీ, మీ షిఫ్టుల మధ్య తేడా రావడానికీ వైరుధ్యం ఏమీ లేదు.

పీహెచ్‌డీ మూడో ఏడు:
గ్లిసరాల్, ట్వీన్ రెండిటికీ రివర్స్ పిపెటింగ్ చేయండి, అయిపోతుంది. పైనున్న ప్లంజర్‌ని, మామూలుగా ఆగే మొదటి స్టాప్ దాటి, రెండో స్టాప్ దాకా నొక్కి లాగడం, మొదటి స్టాప్ దాకా నొక్కి వదలడం. టిప్‌లో మిగిలింది పారేయడం. మా ల్యాబ్‌లో చిక్కగా ఉండే ప్రతిదానికీ ఇదే.

సిరప్ క్యూసీ:
"అయిపోతుంది" అనేయకండి తమ్ముడూ. 50 శాతం గ్లిసరాల్‌కి, సీరమ్‌కి, బీఎస్ఏ (ఆవు సీరమ్ ప్రోటీన్) ద్రావణానికి రివర్స్ చక్కగా పనిచేస్తుంది. అసలు గ్లిసరాల్ వేరే లోకం. 20 డిగ్రీల దగ్గర నీటికంటే సుమారు 1400 రెట్లు చిక్కన. బరువు ప్రకారం సగం సగం నీళ్లు కలిపితే అది దాదాపు ఆరు రెట్లకి దిగిపోతుంది. ఈ రెండిటికీ ఒకే చిట్కా ఎలా సరిపోతుంది?

అసలు గ్లిసరాల్‌ని లాగేటప్పుడు చూడండి. ప్లంజర్ పైకి వచ్చేస్తుంది, ద్రవం మాత్రం టిప్‌లో ఇంకా ఎక్కుతూనే ఉంటుంది. అది ఆగకముందే టిప్ బయటికి తీస్తే కింద గాలి బుడగ దూరుతుంది. ఇక ఆ కొలతకి అర్థం లేదు. ఆగేదాకా ఓపికపట్టి తీసినా, వదిలేటప్పుడు గోడకి పట్టిన పొర మిగులుతుంది. మొదటి స్టాప్ దగ్గర ఎంతసేపు ఆగారన్నదాన్ని బట్టి బయటికొచ్చేది మారుతుంది. ఒకరు రెండు సెకన్లు ఆగుతారు, ఒకరు పది. మీ షిఫ్టుల తేడా ఇదే అయ్యుంటుంది.

ఏసీ కూడా చూడండి. గ్లిసరాల్ 20 డిగ్రీల నుంచి 30కి వెళ్తే చిక్కదనం సగానికి పైగా తగ్గిపోతుంది. కరెంటు పోయి ల్యాబ్ వేడెక్కిన మధ్యాహ్నం, ఏసీ బాగా పనిచేసే రాత్రి ఒకే చేతికి రెండు రకాల ద్రవాలు తగులుతాయి.

నా మాట ఒక్కటే. స్టాక్ చేయడానికి అసలు పిపెట్ వద్దు. తూచండి. గ్లిసరాల్ సాంద్రత 1.26. మీకు 50 మి.లీ. కావాలంటే 63 గ్రాములు. బీకర్‌ని బ్యాలెన్స్ మీద పెట్టి సున్నా చేసి, 63 గ్రాములు వచ్చేదాకా ఒంపండి. నీళ్లతో 100 మి.లీ.కి చేయండి. ఎవరు చేసినా, ఏ షిఫ్టులో చేసినా ఒకటే. ఓరల్ సిరప్‌లు, సస్పెన్షన్ల పరీక్షలో మేం చేసేది ఇదే కదా. శాంపిల్‌ని పిపెట్‌తో కొలవం. తూచి తీసుకుని, మి.లీ.కి ఎంత బరువో విడిగా చూసి లెక్క కడతాం. చిక్కని మందుని వాల్యూమ్‌తో కొలిస్తే గోడకి అంటుకున్నదెంతో ఎవరికి తెలుసు?

బఫర్ బెంచ్:
మేడమ్, ఇది నాకు బాగా నచ్చింది. ట్వీన్‌కి కూడా ఇలాగేనా?

సిరప్ క్యూసీ:
అవును, కానీ దాంట్లో ఒక మెలిక ఉంది. ట్వీన్ 20 సాంద్రత దాదాపు 1.1. పది గ్రాములు తూచి 100 మి.లీ.కి చేస్తే బరువు లెక్కన 10 శాతం స్టాక్. పది మి.లీ. పోసి చేస్తే దాంట్లో 11 గ్రాములు ఉంటాయి. ఒక షిఫ్టు తూచి, ఇంకో షిఫ్టు కొలిచి చేస్తే అక్కడే పది శాతం తేడా పడుతుంది. ఇద్దరూ తప్పు చేయలేదు, సీసా మీద మాత్రం ఇద్దరూ "10% ట్వీన్" అనే రాస్తారు. ఏ లెక్కనో మీ పద్ధతిలో స్పష్టంగా రాయండి. పాత పద్ధతి వాల్యూమ్‌లో ఉంటే 11 గ్రాములు తూచమనండి, చాలు.

బీకర్‌లో ముందు నీళ్లు పోసి, మ్యాగ్నెటిక్ స్టిరర్ నెమ్మదిగా తిప్పుతూ ట్వీన్ కలపండి. జోరుగా తిప్పితే నురగే నురగ. ఆ 10 శాతం స్టాక్ పల్చగా ఉంటుంది, పిపెట్‌కి హాయిగా వస్తుంది. లీటరు వాష్ బఫర్‌కి అందులోంచి 5 మి.లీ. వేస్తే 0.05 శాతం. స్టాక్ సీసాని వెలుతురు తగలకుండా పెట్టి, తారీఖు వేయండి. ట్వీన్ పాతబడితే అందులో పెరాక్సైడ్లు పుడతాయి.

పీహెచ్‌డీ మూడో ఏడు:
ఒప్పుకుంటున్నాను అక్కా, స్టాకులకి తూచడమే మేలు. కానీ 20 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో 1 మైక్రోలీటర్ ఎంజైమ్ వేయాలి. అది కూడా 50 శాతం గ్లిసరాల్‌లోనే వస్తుంది. దాన్ని తూచి వేయలేం కదా?

బోస్టన్ బెంచ్:
అక్కడ తూచక్కర్లేదు. కానీ ఎంజైమ్ దగ్గర చాలామంది పట్టించుకోనిది టిప్ బయటి గోడ.

ట్యూబ్‌ని ఫ్రీజర్‌లోంచి తీసి, టిప్‌ని అడుగుదాకా ముంచి 1 మైక్రోలీటర్ లాగితే, బయట అంటుకున్న ఎంజైమ్ కూడా రియాక్షన్‌లోకి వెళ్తుంది. లోపల ఒక మైక్రోలీటరే ఉన్నప్పుడు బయటి పొర చిన్న విషయం కాదు. ట్యూబ్‌ని ముందు ఒక్కసారి స్పిన్ చేసి, టిప్ కొన ద్రవం పైతలాన్ని అలా తాకితే చాలు, ఒక మిల్లీమీటర్ మించి ముంచకండి. కంటి ఎత్తున పట్టుకుని చూస్తూ లాగండి. ఎంజైమ్ ఎక్కువ పడితే ఖర్చొక్కటే కాదు, దాంతోపాటు గ్లిసరాల్ కూడా పెరుగుతుంది. రెస్ట్రిక్షన్ డైజెషన్‌లో (ఎంజైముతో డీఎన్ఏని కోయడంలో) గ్లిసరాల్ 5 శాతం దాటితే కొన్ని ఎంజైములు కోయకూడని చోట కూడా కోస్తాయి. ఎంజైమ్ రియాక్షన్‌లో పదో వంతు మించకూడదనే నియమం అందుకే.

వీలైతే ఒక్కో ట్యూబ్‌కి 1 మైక్రోలీటర్ వేసే బదులు, అన్నిటికీ కలిపి మాస్టర్ మిక్స్ చేయండి. అప్పుడు చిక్కని ద్రవాన్ని ఒక్కసారే, పెద్ద వాల్యూమ్‌లో తీస్తారు. ఆ తర్వాత పంచేది పల్చటి మిశ్రమం.

పీహెచ్‌డీ మూడో ఏడు:
మాస్టర్ మిక్స్ ఎలాగూ చేస్తాం. ఎంజైమ్‌ని రివర్స్‌లో తీసి, టిప్‌ని మిక్స్‌లో రెండుసార్లు కడిగేస్తాను, గోడకి ఉన్నది కూడా దిగిపోతుందని. అది సరైనదేనా?

కాలిబ్రేషన్ బెంచ్:
ఆ రెండూ కలిపి చేయకూడదు! రివర్స్‌లో టిప్‌లో కావాలనే ఎక్కువ తీసుకుంటారు. ఆ మిగులు పారేయడానికే ఉంది. దాన్ని మిక్స్‌లో కడిగితే, మీరు సెట్ చేసినదానికంటే ఎక్కువ ఎంజైమ్ పడిపోతుంది. కడగాలనుకుంటే మామూలు పద్ధతిలో, మొదటి స్టాప్ నుంచి లాగండి. అప్పుడు టిప్‌లో ఉన్నదంతా మీకు కావలసినదే, కడిగి దించేయొచ్చు. పొడి గిన్నెలోకి వేస్తుంటే, కడిగే అవకాశం లేకపోతే, అప్పుడు రివర్స్.

ఇంకొకటి. మేం కాలిబ్రేట్ చేసేది మామూలు పద్ధతిలో. నీళ్లని రివర్స్‌లో తీస్తే కొద్దిగా ఎక్కువ వస్తుంది. ఒక ద్రవానికి ఎప్పుడూ రివర్సే వాడేట్టయితే, ఆ ద్రవంతో, ఆ పద్ధతిలోనే బరువు చూసుకోండి.

బెజవాడ ల్యాబ్ టెక్:
ఈ చర్చ చదువుతుంటే మా పాత సాలీ పిపెట్ గుర్తొచ్చింది. డీఎంఎల్‌టీ (ల్యాబ్ టెక్నీషియన్ డిప్లొమా) చదివినవాళ్లందరికీ తెలిసినదే. హిమోగ్లోబిన్ చూడ్డానికి రక్తం 20 మైక్రోలీటర్ల గీత దాకా లాగి, బయటి గోడని దూదితో తుడిచి, 5 మి.లీ. డ్రాబ్‌కిన్ ద్రావణంలో వదిలి, అదే ద్రావణంతో రెండు మూడుసార్లు లోపల కడిగేవాళ్లం. తుడిచేటప్పుడు కొనకి దూది తగిలితే లోపలి రక్తం కూడా పీల్చేస్తుంది, అందుకని పక్కనుంచి తుడవాలి.

పైన ఇద్దరూ చెప్పిన రెండు విషయాలూ అందులోనే ఉన్నాయి చూడండి. బయట అంటుకున్నది తుడిచేయాలి, లోపల అంటుకున్నది కడిగి దించాలి. ఆ పిపెట్ గీత లోపల పట్టే పరిమాణానికి వేసినది, బయటికి వదిలే పరిమాణానికి కాదు. కడక్కపోతే హిమోగ్లోబిన్ తక్కువ చూపిస్తుంది, పేషెంట్‌కి లేని రక్తహీనత అంటగడతాం. డ్రాబ్‌కిన్‌లో సైనైడ్ ఉంటుంది కాబట్టి నోటితో మాత్రం ఎప్పుడూ లాగకూడదు, రబ్బరు బల్బు వాడాలి.

మైక్రోపిపెట్‌తో రక్తం తీసేవాళ్లు కూడా మామూలు పద్ధతిలో తీసి, టిప్ తుడిచి, ద్రావణంలో కడగండి.

విశాఖ ఎనలిటికల్:
బాగా చెప్పారండీ. గాజు పిపెట్ల మీద ఆ రెండు రకాల గుర్తులూ ఇప్పటికీ ఉంటాయి, చూసి వాడేవాళ్లే తగ్గిపోయారు.

బఫర్ బెంచ్:
సాలీ పిపెట్ మాట ఈ చర్చలో వస్తుందని అనుకోలేదు, చాలా సంతోషం. పాజిటివ్ డిస్‌ప్లేస్‌మెంట్ పిపెట్ కొనమని మా సప్లయర్ చెప్తున్నారు. అవసరమా?

బోస్టన్ బెంచ్:
వాటిలో పిస్టన్ టిప్ లోపలే ఉంటుంది, ద్రవానికి నేరుగా తగులుతుంది. మధ్యలో గాలి ఉండదు. సిరంజి పద్ధతి. కాబట్టి మెథనాల్ ఆవిరి ప్రభావం దాదాపు పోతుంది, పిస్టన్ గోడని తుడుస్తూ దిగుతుంది కాబట్టి గ్లిసరాల్ పొర కూడా మిగలదు. గిల్సన్ మైక్రోమ్యాన్ ఈ రకమే. ఎప్పెండార్ఫ్ మల్టీపెట్ కూడా అదే సూత్రం, ఒకసారి నింపి చాలాసార్లు వదలడానికి. టిప్, పిస్టన్ రెండూ వాడి పారేసేవే కాబట్టి ఖర్చు ఎక్కువ.

నా ఉద్దేశం ఏంటంటే, చిక్కని ద్రవాన్ని చిన్న వాల్యూమ్‌లో, రోజూ, చాలాసార్లు తీయాల్సి వస్తే ఒకటి కొనండి. నెలకోసారి స్టాక్ చేయడానికైతే డబ్బు దండగ, బ్యాలెన్స్ ఎలాగూ ఉంది.

మామూలు పిపెట్‌లో గాలి పెట్టడానికి కారణం లేకపోలేదు. 1957లో మార్‌బుర్గ్‌లో హైన్‌రిష్ ష్నిట్గర్ దీన్ని తయారుచేసినప్పుడు, ద్రవం పిస్టన్‌కి అంటకుండా, టిప్ ఒక్కటీ మారిస్తే సరిపోయేలా చేశాడు. నీళ్లలాంటి ద్రావణాలకి ఇంతకంటే మంచిది లేదు.

విశాఖ ఎనలిటికల్:
డైక్లోరోమీథేన్, క్లోరోఫామ్‌కి నేనైతే గ్యాస్‌టైట్ గాజు సిరంజి వాడతాను. ఆవిరి ఒక సమస్య, పైగా బరువైన ద్రవాలు. క్లోరోఫామ్ సాంద్రత 1.49. ద్రవం ఎంత బరువైతే టిప్‌లో అది గాలిని అంత కిందికి సాగదీస్తుంది, వాల్యూమ్ తగ్గుతుంది. వాటి ఆవిరి పిపెట్ లోపలి సీళ్లని కూడా పాడుచేస్తుంది. గాఢ హైడ్రోక్లోరిక్ ఆమ్లం కూడా మైక్రోపిపెట్‌తో తీయకండి, లోపలి లోహం తుప్పు పడుతుంది. గాజు పిపెట్, బల్బు, ఫ్యూమ్ హుడ్.

ప్లాస్మా రూమ్:
హైదరాబాద్‌లోనే బయోఎనలిటికల్‌లో ఉన్నాను. ప్లాస్మా గురించి ఒక ముక్క. ఫ్రీజర్‌లోంచి తీసిన ప్లాస్మా పూర్తిగా కరిగి, గది ఉష్ణోగ్రతకి వచ్చేదాకా ఆగాలి. చల్లటి ద్రవం లాగితే పిపెట్‌లోని గాలి చల్లబడి కుంచించుకుంటుంది, ఎక్కువ ద్రవం ఎక్కుతుంది. వేడి ద్రవానికి దీనికి ఎదురు, తక్కువ వస్తుంది. చల్లగానే తీయక తప్పకపోతే టిప్ తడపకుండా, ప్రతిసారీ కొత్త టిప్‌తో, చకచకా తీయాలి. తడిపితే లోపలి గాలి చల్లబడుతూ పోయి, ఒక్కో శాంపిల్‌కీ ఒక్కో కొలత వస్తుంది.

కరిగాక వోర్టెక్స్ చేసి, సెంట్రిఫ్యూజ్ చేయండి. ఫైబ్రిన్ (రక్తం గడ్డకట్టే ప్రోటీన్) తునక టిప్‌లో ఇరుక్కుంటే సగమే వస్తుంది. ఒకే బ్యాచ్‌లో పక్క శాంపిల్‌తో పోల్చి టిప్‌లో ద్రవం ఎత్తు కంటితో చూసుకోవడం అలవాటు చేసుకోండి. ఏ యంత్రం కంటే ముందు కన్నే పట్టేస్తుంది.

సీక్వెన్సింగ్ పిల్ల:
మ్యాగ్నెటిక్ బీడ్స్ (డీఎన్ఏని పట్టుకునే అయస్కాంత పూసలు) కూడా ఇదే కోవ అండీ. వాటి ద్రావణంలో పీఈజీ అనే పాలిమర్ ఉంటుంది కాబట్టి లేత పాకంలా సాగుతుంది. డీఎన్ఏకి బీడ్స్ ఏ నిష్పత్తిలో వేశామన్నదాన్ని బట్టే ఏ సైజు ముక్కలు నిలుస్తాయో తేలుతుంది, అందుకే టిప్ బయట వేలాడే బొట్టు కూడా ఫలితాన్ని మార్చేస్తుంది. అరగంట ముందే ఫ్రిజ్‌లోంచి బయట పెట్టి, బాగా కలిపి, నెమ్మదిగా లాగి, బయటి బొట్టుని ట్యూబ్ అంచుకి తాకించి వదిలేస్తాను.

జీనోమిక్ డీఎన్ఏకి టిప్ కొన కత్తిరించి వాడతారు కదా, పొడుగు పోగులు తెగకుండా. దాన్ని కూడా ఈ పద్ధతిలో రాయొచ్చా?

కాలిబ్రేషన్ బెంచ్:
డీఎన్ఏ తెగకుండా ఉండాలంటే రంధ్రం వెడల్పు ఉండాలి, నిజమే. కానీ కత్తిరించిన టిప్ రంధ్రం ప్రతిసారీ ఒక్కలా ఉండదు, అంచు గరుకుగా ఉండి బొట్టు పట్టేసుకుంటుంది. కచ్చితమైన కొలత కావాలంటే వెడల్పు కొన ఉన్న టిప్‌లే విడిగా దొరుకుతాయి, అవి తెప్పించండి. డీఎన్ఏని ఒక ట్యూబ్ నుంచి ఇంకో ట్యూబ్‌కి మార్చడానికి మాత్రమే అయితే కత్తిరించినది చాలు.

బఫర్ బెంచ్:
ఇన్ని విషయాలు వస్తాయనుకోలేదు. ఇప్పుడు చిన్న పరీక్ష పెడదామనుకుంటున్నాను. ప్రతి ఒక్కరూ 1 మి.లీ. గ్లిసరాల్ పిపెట్‌తో తీసి బ్యాలెన్స్ మీద వేయాలి. అంకెను ఎలా చదవాలి?

సిరప్ క్యూసీ:
1.26 గ్రాములు రావాలి. ఉదాహరణకి 1.13 వచ్చిందనుకోండి, 1.26తో భాగించండి. 0.9 మి.లీ. మాత్రమే పడింది, పదో వంతు టిప్‌లోనే ఉండిపోయింది. ఎవరి అంకె ఎంత అన్నదానికంటే, ఒకే మనిషి మళ్లీ మళ్లీ తీసినప్పుడు అంకెలు ఎంత దగ్గరగా ఉన్నాయో ముందు చూడండి. దగ్గరగా ఉండి తక్కువ వస్తుంటే పద్ధతి మార్చితే సరిపోతుంది. చెల్లాచెదురుగా ఉంటే ఆ ద్రవానికి పిపెట్ వాడకపోవడమే మంచిది. ఆ అంకెలు కళ్లతో చూశాక కొత్తవాళ్లకి మీరు ఇంకేమీ నేర్పక్కర్లేదు.

కాలిబ్రేషన్ బెంచ్:
మెథనాల్‌కి కూడా అదే చేయండి, కానీ మూత ఉన్న వయల్‌లోకి వదిలి వెంటనే మూత పెట్టి తూచండి. తెరిచిపెడితే బ్యాలెన్స్ మీద అంకె దిగిపోతూనే ఉంటుంది. 100 మైక్రోలీటర్ల లోపు వాల్యూమ్‌లకి ఐదు దశాంశాల బ్యాలెన్స్ కావాలి, నాలుగు దశాంశాలది సరిపోదు.

పీహెచ్‌డీ మూడో ఏడు:
ఆఖరి ప్రశ్న. మా దగ్గర డీఎంఎస్ఓ (మందులు కరిగించే ద్రావకం) స్టాకులు పొద్దున్నే తీస్తే ఒక్కోసారి అడుగున గడ్డ ఉంటోంది. పైన ద్రవంగానే ఉంది కదా అని అక్కడినుంచి తీసుకోవచ్చా?

బోస్టన్ బెంచ్:
వద్దు. డీఎంఎస్ఓ 18.5 డిగ్రీల దగ్గరే గడ్డకడుతుంది, ఏసీ గట్టిగా ఉన్న గదిలో రాత్రంతా ఉంటే చాలు. గడ్డకట్టేటప్పుడు అందులో కరిగిన మందు గడ్డలోకి చాలావరకు పోదు, మిగిలిన ద్రవంలో చిక్కబడుతుంది. పైనుంచి తీస్తే మీరు అనుకున్నదానికంటే గాఢత ఎక్కువ ఉంటుంది. గోరువెచ్చని చోట పెట్టి మొత్తం కరిగాక, వోర్టెక్స్ చేసి, అప్పుడు తీయండి. సీసా మూత తెరిచి వదిలేయకండి, గాలిలో తేమని పీల్చేసుకుంటుంది. చిన్న చిన్న ట్యూబుల్లో పంచిపెట్టుకుంటే ఈ బాధ చాలావరకు ఉండదు.